గోడ మీది యొర్దాను

ధ్యానభాగములు: యోహాను 4:5-15, నిర్గమకాండము 38:8



ఈ నెల మీ యెదుట పెట్టుటకు నాయొద్ద ఒక బొమ్మయు, ఒక తాళపుచెవియు ఉన్నవి. ముందు బొమ్మను గూర్చి చెప్పెదను. తాళపుచెవిని గూర్చి చెప్పుటకు నాకు సిగ్గు కలదు, గనుక దానిని కొంచెము వెనుకకు జరుపుచున్నాను. అయినను దానిని చెప్పక విడువను.

మా మందిరములో బాప్తిస్మపు తొట్టి వెనుక గోడ చాలకాలము వట్టిదిగా నుండెను. పట్టణములోని మందిరములలో అట్టి గోడల మీద యొర్దాను నది చిత్రింపబడి యుండుట మన పెద్దలు చూచి వచ్చిరి. మనకును అట్టిది కావలెనని కానుకలు కూర్చిరి. మిరపకాయల అమ్మకము ముగిసిన పిమ్మట, వేసవి నడుమ, నరసరావుపేట నుండి ఒక చిత్రకారుని పిలిపించితిమి. అతడు యౌవనుడు, నెమ్మదిగలవాడు. పది దినములు మా మందిరములోనే పరుండి పని చేసెను.

అతడు వేసిన యొర్దాను చాల వెడల్పుగాను చాల నీలముగాను వచ్చెను. అయితే నది నడుమ ఒక కొండ వచ్చెను! మా పెద్దలలో ఒకరు దానిని చూచి, "బాబూ, యొర్దాను మధ్యలో కొండ ఎక్కడిదయ్యా?" అని అడిగిరి. అతడు తల గోకుకొని, "తాతగారూ, నేను యొర్దాను చూడలేదు. సాగరు చూశాను. నాగార్జునకొండకు లాంచీలో పోయినప్పుడు నీళ్ల మధ్యలో కొండ అట్లా కనపడింది. అదే చేతికి వచ్చింది" అనెను. అందరము నవ్వితిమి. కొండను చెరిపివేయుమని ఎవరును అనలేదు.

నేనును నవ్వితిని గాని ఆ రాత్రి ఆ కొండ నన్ను ఆలోచింపజేసెను.

మందిరములో బొమ్మ ఉండవచ్చునా అని మీలో కొందరు అడుగుదురు. అది మంచి ప్రశ్న. విగ్రహమును చేసికొని దానికి సాగిలపడకూడదను ఆజ్ఞ మనకు కలదు (నిర్గమ 20:4, 5). అయితే ఆ ఆజ్ఞ ఇచ్చిన దేవుడే బెసలేలును పేరుపెట్టి పిలిచి, చిత్రమైన పనులు చేయుటకు తన ఆత్మతో అతనిని నింపెను (నిర్గమ 31:2-5). కంచరి పనియు వడ్రంగి పనియు కుట్టుపనియు ప్రభువు సన్నిధికి అన్యమైనవి కావు. ఆ పనులు ఎవరికి ఉపయోగపడుచున్నవని మాత్రము ప్రభువు అడుగుచున్నాడు.

సొలొమోను మందిరమును జ్ఞాపకము చేసికొనుడి. దాని యెదుట పోతపోసిన సముద్రమని పిలువబడిన ఒక గొప్ప పాత్ర ఉండెను. ఈ అంచు మొదలుకొని ఆ అంచువరకు 10 మూరలు, ఎత్తు 5 మూరలు. దాని అంచు తామర పువ్వువలె విచ్చుకొని యుండెను. 12 ఎడ్ల బొమ్మలు దానిని మోయుచుండెను, మూడేసి ఎడ్లు ఒక్కొక్క దిక్కునకు ముఖము పెట్టియుండెను (1 రాజులు 7:23-26). ఎంత గొప్ప శిల్పము! అయితే అది వట్టి శిల్పము కాదు. యాజకులు కడుగుకొనుటకై అందులో నిజమైన నీరు ఉండెను (2 దినవృత్తాంతములు 4:6). నీరు లేని దినమున అది పెద్ద ఇత్తడి ముద్ద మాత్రమే. తరువాత ఆహాజు రాజు ఆ ఎడ్లను తీసివేసెను. బబులోనువారు ఆ సముద్రమును ముక్కలుగా కొట్టి మోసికొనిపోయిరి. మనుష్యుల శిల్పము నిలువలేదు. కడుగుటకు నీరిచ్చు దేవుడు నిలిచియున్నాడు.

దానికంటె ముందు, అరణ్యములో ఒక ఇత్తడి గంగాళము చేయబడెను. ఆ ఇత్తడి ఎక్కడనుండి వచ్చెనో మీరెరుగుదురా? గుడారపు ద్వారమునొద్ద సేవచేయు స్త్రీలు తమ అద్దములు తెచ్చి యిచ్చిరి. ఆ కాలపు అద్దములు గాజువి కావు, మెరుగుపెట్టిన ఇత్తడివి. ఆ అద్దములు కరిగి గంగాళమాయెను (నిర్గమ 38:8). తన ముఖము చూచుకొనుటకు ఉంచుకొనిన వస్తువును ఒక స్త్రీ ఇచ్చివేసెను. అది పదిమంది చేతులు కాళ్లు కడుగు పాత్ర ఆయెను. ఈ వచనమును మీరు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాను. దీనియొద్దకు మరల వచ్చెదము.

ఇప్పుడు మన పల్నాటికి వత్తము. నీటిని శిలమీద చూపుటలో మన ప్రాంతమువారికి మించినవారు అరుదు. 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలోనే అమరావతి యున్నది. అక్కడి బౌద్ధ స్తూపపు శిలలు మన కృష్ణ ఒడ్డు సున్నపురాతితో చెక్కబడినవి. 1845లో వాల్టరు ఎలియట్టు దొర త్రవ్వించిన వాటిలో అనేకములు లండనులోని బ్రిటిషు మ్యూజియములో ఉన్నవి, మరికొన్ని మద్రాసు మ్యూజియములో ఉన్నవి. ఆ శిల్పులు కదలని రాతిమీద కదలు నీటిని ఎట్లు చూపిరి? అలలవంటి గీతలు వరుసగా గీచి, నడుమ చేపను తామరను పెట్టిరి. చూచువాని కన్ను ఆ గీతల వెంట పోవును, రాయి పారుచున్నట్లుండును. తామరలు పైకి వచ్చిన నిండుకుండను మరల మరల చెక్కిరి. దానిని పూర్ణఘటమందురు. ఆ కుండయే 2018లో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎన్నుకొనిన రాజముద్ర నడుమ నిలిచినది. నిండుకుండ శుభమని మన నేల యావత్తు ఎరుగును. నీరు లేని చోట నివసించినవారికి నిండుకుండకంటె గొప్ప బొమ్మ ఏది?

అటు మాచర్ల తట్టు నాగార్జునకొండ లోయ ఉండెను. క్రీస్తు శకము మూడు నాలుగు శతాబ్దములలో ఇక్ష్వాకు రాజుల విజయపురి అక్కడ ఉండెను. వారు కృష్ణ ఒడ్డున రాతిమెట్ల స్నానఘట్టము కట్టిరి. విహారములు, మంటపములు, చెక్కిన శిలలు ఆ లోయనిండ ఉండెను. 1926లో అవి లోకమునకు తెలియవచ్చెను. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ గారు సాగరు ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. నీరు రాబోవుచున్నదని తెలిసి, 1954 మొదలు 1960 వరకు పురావస్తు శాఖవారు ఆ లోయను వేగముగా త్రవ్విరి. కొన్ని కట్టడములను రాయి రాయిగా విప్పి కొండమీదను, ఒడ్డున అనుపు దగ్గరను మరల నిలిపిరి. 1966లో కొండమీద మ్యూజియము తెరువబడెను. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ గారు కాలువలకు నీరు వదలిరి. లోయ మునిగెను. లోయలోని పల్లెలవారు తమ ఇండ్లు విడిచి వెళ్లిరి. కొండ ద్వీపమాయెను. దానినే మా చిత్రకారుడు యొర్దాను నడుమ నిలిపెను!

సహోదరులారా, ఇందులో నాకు ఒక పాఠము కనబడినది. ఒకప్పుడు శిల్పులు రాతిమీద నీటిని చెక్కిరి. 1,600 ఏండ్ల తరువాత నిజమైన నీరు వచ్చి ఆ శిల్పుల నగరమును కప్పెను. శిల్పము పోయెనని ఏడ్చినవారు న్యాయముగానే ఏడ్చిరి. ఇల్లు విడిచినవారి దుఃఖము అంతకంటె గొప్పది. అయినను ఆ నీరే కుడి కాలువ వెంట మన చేలకు వచ్చినది. మన తాతలు జొన్న చల్లుకొని ఆకాశము చూచిన నేలలో వరి పండినది. మన నోటికి వచ్చిన అన్నము వెనుక ఇతరులు విడిచిపెట్టినది కలదు. కాలువ నీరు త్రాగుచు, ఇది నాది, నీకు లేదు అనుటకు మనలో ఎవనికి హక్కు కలదు?

ఇంకొక సంగతి చెప్పెదను. మన తండ్రులైన ఆదిమ క్రైస్తవులు మందిరపు గోడమీద మొదట ఏ బొమ్మ వేసిరి? సిరియా దేశమున యూఫ్రటీసు నది ఒడ్డున దూరా యూరోపస్ అను పట్టణము ఉండెను. సుమారు 256లో పారసీకుల ముట్టడిలో అది పాడైపోయెను. శత్రువును ఆపుటకు ఆ పట్టణస్థులు ప్రాకారమునకు ఆనుకొనియున్న ఇండ్లను మట్టితో నింపిరి. ఆ మట్టిలో ఒక క్రైస్తవుల ఇల్లు దాగియుండెను. 1930ల మొదట త్రవ్వినవారు దానిని కనుగొనిరి. మనకు తెలిసిన మందిరములలో మిక్కిలి పురాతనమైన వాటిలో అది యొకటి. ఆ యింటిలో ఒక గది బాప్తిస్మమునకు. తొట్టి చుట్టునున్న గోడలమీద బొమ్మలు. ఒకచోట ప్రభువు నీళ్లమీద నడచుచున్నాడు, పేతురు ఆయనతట్టు వచ్చుచున్నాడు. ఇంకొకచోట ఒక స్త్రీ బావిలోనుండి నీళ్లు చేదుచున్నది. ఆమె సమరయ స్త్రీ యని అనేకులు చెప్పుదురు. మరియమ్మ యని చెప్పు పండితులును కలరు. ఎవరైనను సరే, రాజును గాని సేనానిని గాని కాక, బావి యొద్ద వంగిన ఒక స్త్రీని వారు బాప్తిస్మపు తొట్టి ప్రక్కన చిత్రించిరి. ఇప్పుడు ఆ గోడ బొమ్మలు అమెరికాలోని యేలు విశ్వవిద్యాలయమున భద్రముగా ఉన్నవి.

మా గోడమీద యొర్దాను ఉన్నది, ఖర్జూరపు చెట్లు ఉన్నవి, సాగరు కొండ కూడ ఉన్నది. నీళ్లు చేదు స్త్రీ మాత్రము లేదు. ఆమె గోడమీద లేదు గాని మందిరము గుమ్మమునొద్ద నిలిచియుండెను. ఇక తాళపుచెవి సంగతి చెప్పవలెను.

మా మందిరము వెనుక ఒక బోరు కలదు. కొన్ని ఏండ్ల క్రిందట సంఘపు కానుకలతో వేయించి, మోటారు పెట్టి, పంపు బిగించితిమి. మా సంఘములో పై పేటవారును క్రింది పేటవారును ఉన్నారు. ఆ పేటల పేర్లు వ్రాయనక్కరలేదు. మీ ఊళ్లలోను ఉన్నవి, మీరెరుగుదురు. ఇరువురును ఒకే ప్రభువు నామమున బాప్తిస్మము పొందినవారే. కరెంటు బిల్లు విషయమై వారిలో మాట వచ్చెను. "వాళ్లు డబ్బులు ఇవ్వరు, బిందెలు మాత్రము తెత్తురు" అని పై పేటవారనిరి. "మాకు లెక్క చెప్పరు" అని క్రింది పేటవారనిరి. గొడవ వద్దని మోటారు గదికి తాళము వేయించితిని. తాళపుచెవి నాయొద్ద ఉంచుకొంటిని. ఆదివారము మాత్రము తీయుదును. సమాధానము కలుగజేసితినని అనుకొంటిని. కాని పై పేటవారి ఇండ్లలో సొంత బోర్లు ఉన్నవి, క్రింది పేటలో లేవు. గనుక ఆ తాళము ఎవరికి పడెనో చిన్నపిల్లవాడును చెప్పగలడు.

చిత్రకారుడు వచ్చిన మొదటి దినమున, "పాస్టరు గారూ, నాకు రోజుకు మూడు బక్కెట్ల నీళ్లు కావాలి" అనెను. నేను సంతోషముగా తాళము తీసి ఇచ్చితిని. అతడు ఒక బక్కెట్టు గోడ తడుపుటకు, ఒకటి రంగు కలుపుటకు, ఒకటి కుంచెలు కడుగుటకు వాడుకొనెను. సాయంకాలమున ఆ నీలపు నీళ్లు వాకిట పారబోయుచుండెను.

మందిరము ఊడ్చుటకు వచ్చు ఒక అవ్వ కలదు, క్రింది పేట నివాసి. ఆ వేసవిలో కాలువ కట్టివేయబడినది. కుళాయి నీళ్లు నాలుగు దినములకొకసారి వచ్చుచుండెను. ఆమె కోడలును ఆమెయు తెల్లవారకముందే లేచి, మైలు దూరమున ఒక రైతు పొలము బోరు యొద్దకు పోయి, అతడు దయతలచిన దినమున నీళ్లు తెచ్చుకొనుచుండిరి. పదియవ దినమున బొమ్మ పూర్తియైనది. ఆమె చీపురు ప్రక్కన పెట్టి చాలసేపు ఆ నదిని చూచెను. "ఎట్లా ఉంది అవ్వా?" అని అడిగితిని.

"బాగుంది అయ్యగారూ, నిజం ఏరు లాగే ఉంది" అని చెప్పి, కొంచెము ఆగి, "ఆ యేటికి ఎన్ని బిందెలు పట్టినయ్ అయ్యగారూ?" అనెను.

ఆమె ఎత్తిపొడుపుగా అడుగలేదు. తల మీద నీళ్లు మోయు మనిషి గనుక లెక్క అడిగెను. నేను నోట లెక్కించితిని: దినమునకు మూడు, పది దినములకు ముప్పది. పైకి చెప్పలేకపోతిని. నా జేబులో తాళపుచెవి ఉండెను.

ప్రియులారా, ఆ రాత్రి నేను సిద్ధపరచుకొనిన ప్రసంగము వేరు. నయమాను యొర్దానులో ఏడు మారులు మునిగిన సంగతి చెప్పి, బొమ్మను ప్రతిష్ఠించి, కానుకలిచ్చినవారి పేర్లు చదువవలెనని ఉంటిని. దీపమునొద్ద కూర్చుండి యోహాను నాలుగవ అధ్యాయము తీసితిని.

మిట్టమధ్యాహ్నము. ప్రభువు అలసి బావియొద్ద కూర్చుండెను. సమరయ స్త్రీ కుండతో వచ్చెను. ఆమెను ఆయన నీళ్లడిగెను. ఆమె ఆశ్చర్యపడెను, ఎందుకనగా యూదులు సమరయులతో కలిసిమెలిసి యుండరని సువార్తికుడు తెలియజేయుచున్నాడు. అక్కడి గ్రీకు మాటకు, ఒకే పాత్రను కలిసి వాడుకొనరు అని అర్థము చెప్పు పండితులు కలరు. అది గ్రీకు చదువనివారికి కూడ మన ఊళ్లలో చక్కగా అర్థమగును. వేరు గ్లాసు, ఎత్తునుండి పోయు నీళ్లు, దోసిలి పట్టుట, బావి గట్టు ఎక్కకుండుట, ఇవి మన తాతలు అనుభవించినవి. 1927 మార్చి 20న మహాడ్ అను ఊరిలో డాక్టరు అంబేద్కరు గారు వేలమందితో చెరువులో దిగి దోసెడు నీళ్లు త్రాగిరి. ఒక దోసెడు నీళ్లకొరకు అంత యుద్ధము చేయవలసివచ్చెను. మన ప్రభువు అంతకు ఎన్నో శతాబ్దముల ముందు, చేద లేనివాడై, ముట్టకూడదని అందరును చెప్పిన కుండలోని నీళ్లు అడిగెను. ఆయన ఇచ్చుటకు ముందు అడిగెను. ఆమె కుండకు గౌరవమిచ్చి, తరువాత జీవజలమును గూర్చి మాటలాడెను.

మన పల్నాటివారికి ఈ సంగతి వేరొక దారిని కూడ తెలియవలెను. పన్నెండవ శతాబ్దమున మన మాచర్లలో బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒకే చాపమీద కూర్చుండబెట్టి అన్నము పెట్టించెను. చాపకూడు అను మాట నేటికిని మన నోట ఉన్నది. ఆయన క్రైస్తవుడు కాడు. సువార్త ఎరిగినవాడు కాడు. ప్రభువు బల్ల యొద్ద ఒకే రొట్టె విరిచి, ఒకే ద్రాక్షారసము త్రాగి, వెలుపలికి వచ్చి పంపుకు తాళము వేసికొనిన మనలను ఆ చాపకూడు తీర్పు తీర్చదా?

జీవజలము అను మాటకు ఆ కాలపు జనులు మొదట గ్రహించు అర్థము పారు నీరు, ఊట నీరు. గోతిలో నిలిచిన నీరు కాదు. దీనిని గూర్చి బందరు ప్రక్కనున్న పెడనలో కలంకారీ పనివారు మనకు బోధింపగలరు. వారి చిత్రమునకు నీరే సగము పనివాడు. గుడ్డను ఉతికి తెల్లపరచుదురు. కరక్కాయ కషాయములో పాలు కలిపి ముంచుదురు. ఇనుప తుక్కును బెల్లమును నీటిలో పులియబెట్టిన నల్ల రంగుతో అచ్చు వేయుదురు. ఎరుపు రావలసినచోట పటిక నీరు వేయుదురు. తరువాత ఆ గుడ్డను కాలువకు తీసికొనిపోయి పారు నీటిలో జాడించుదురు. పారు నీరే ఎందుకు? గుడ్డలో మిగిలిన పటికయు రంగును నీటిలోనికి దిగును. నీరు పారినయెడల దానిని మోసికొనిపోవును. నిలిచిన నీరైనయెడల వదలిన రంగు తిరిగి గుడ్డకే అంటి, తెల్లగా ఉండవలసినచోట మరక పడును.

సంఘము అట్టి గుడ్డయే. మనలో మిగిలిపోయిన పాత పట్టింపులు కడుగబడవలెను. కృప మనగుండ పారినయెడల మనలను శుద్ధిచేసికొనుచు పోవును. దానిని కట్టి, తాళము వేసి, మనకొరకే నిలిపితిమా, మన మురికి మనకే తిరిగి అంటును. నేను తాళము వేసిన దినము మొదలు మా సంఘములో ఎవరి మనస్సు శుద్ధిపడినది? పాటల గుంపు విడిపోయెను. స్త్రీల సమాజమునకు క్రింది పేటవారు మానివేసిరి. దానిని నేను సమాధానము అని పిలిచితిని.

చిత్రకారుడు ఒక సంగతి నాతో చెప్పెను. "నీళ్లు లేకపోతే రంగు కదలదండి. ఎండినాక నీళ్లు కనపడవు, బొమ్మ కనపడుద్ది" అనెను. రంగును గోడవరకు తీసికొనిపోయిన నీరు తాను మాయమైపోయెను. కానా పెండ్లిలో ఆరు రాతి బానలు నింపిన పనివారి పేర్లు మనకు తెలియవు (యోహాను 2:6-9). పెండ్లి ప్రధాని ద్రాక్షారసమును మెచ్చుకొనెను. అది ఎక్కడనుండి వచ్చెనో నీళ్లు తోడినవారికి మాత్రమే తెలియును. సంఘములో ముఖ్యమైన పని చేయువారు ఇట్టివారే. ఊడ్చు అవ్వ అట్టిది. ఆమె పేరు కానుకల పట్టికలో లేదు.

ఆ ఆదివారము నేను పట్టిక చదువలేదు. నా తప్పు ఒప్పుకొంటిని. తాళపుచెవి జేబులోనుండి తీసి, బొమ్మ క్రింద ఒక మేకు కొట్టి, తగిలించితిని. "యొర్దాను మనది కాదు, బోరు మనది కాదు, ఎవరికి దాహమైన వారు తీసికొనుడి" అని చెప్పితిని. గొప్ప ఉజ్జీవము కలిగినదని వ్రాయుటకు నాకిష్టమే గాని, అట్లు జరుగలేదు. ఒక పెద్ద మధ్యలో లేచి వెళ్లిపోయెను. రెండు కుటుంబములవారు కొన్ని నెలలు కానుక ఆపిరి. ఇద్దరు పెద్దలు ఇప్పటికిని ఆ పంపు నీళ్లు ముట్టక క్యాను నీళ్లు కొనుక్కొనుచున్నారు. వారికొరకు నేను దినదినము ప్రార్థించుచున్నాను. వారు నా సహోదరులే, వారిని నొప్పింపవలెనని నేను ఇది వ్రాయుటలేదు.

బిల్లు కొరకు పంపు ప్రక్కన ఒక డబ్బా పెట్టితిమి. లెక్కను ప్రతి నెల మందిరపు గుమ్మమునకు అంటించుచున్నాము, గనుక లెక్క చెప్పరను మాట పోయినది. ఒక నెల డబ్బా చాలలేదు. అప్పుడు పై పేటకు చెందిన ఒక సహోదరి ఎవరికిని చెప్పక మిగిలినది వేసెను. ఆమె తన అద్దమును గంగాళమునకు ఇచ్చినది.

ఇటీవల ఒక ఉదయమున పంపునొద్దకు పోతిని. అవ్వ బిందె నిండినది. పై పేట కోడలొకతె వెనుక నిలిచియుండెను. ఆ బిడ్డ ఏమియు అనక వంగి, బిందెను ఎత్తి అవ్వ తలమీది చుట్టకుదురు మీద పెట్టెను. అవ్వ, "చల్లగా ఉండమ్మా" అనెను. అంతే జరిగినది. బాప్తిస్మపు తొట్టి ప్రక్కన చిత్రింపదగిన బొమ్మ అదియే అని నాకు తోచెను.

చదువుచున్న సంఘములారా, మీ ఊరికి పోయి చూచుకొనుడి. మీ మందిరములో యొర్దాను బొమ్మ ఉండవచ్చును, లేకపోవచ్చును. మీ వాకిట కుండ ఉన్నదా? ఆ కుండ మీద ఒకే గ్లాసు ఉన్నదా, రెండు ఉన్నవా? మీ బోరు తాళపుచెవి ఎవరి జేబులో ఉన్నది? నావలె సమాధానము పేరు చెప్పి తాళము వేసిన సేవకుడు ఎవడైనను ఉన్నయెడల, ఈ వేసవి రాకముందే తీయుము, సహోదరుడా. చిన్నవారిలో ఒకనికి ఇచ్చిన గిన్నెడు చన్నీళ్లను కూడ లెక్కలో వ్రాసికొను ప్రభువు మనకున్నాడు (మత్తయి 10:42). ఇయ్యని గిన్నెలను ఆయన మరచునని ఎవడును మోసపోకూడదు.

యొర్దాను నది నేడు చిత్రములలో ఉన్నంత పెద్దది కాదు. పైభాగమున నీరు మళ్లింపబడుటచేత దిగువను అది సన్నని, మట్టిరంగు ఏరుగా పారుచున్నది. నయమాను కూడ అది తన దేశపు నదులకంటె హీనమని తలంచెను (2 రాజులు 5:12). అయినను దిగినప్పుడు శుద్ధుడాయెను. మన పంపు చిన్నదైనను మనము దిగి వంగవలసిన చోటు అదియే.

ప్రార్థింతము. దాహముగొనిన ప్రభువా, అన్యురాలి కుండను నీళ్లడిగినవాడా, మా గోడల మీది నదులను చూచి మేము తృప్తిపడకుండ చేయుము. మా చేతులలోని తాళపుచెవులను నీవు తీసికొనుము. తెల్లవారకముందే లేచి నీళ్లకు నడచు స్త్రీలను కాపాడుము. మాలో పాతబడిన మరకలను నీ పారు నీటితో కడుగుము. మా సంఘములను నిండుకుండలుగా చేసి, నిండినదానిని ఇచ్చు మనస్సు మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.